కుడి భుజం మీద పిన్నీసు

ఈరోజు ఉదయం పదకొండు దాటాక నేనొక తప్పు చేశాను. యూనిఫాం జాకెట్‌కి పిన్నీసు పెట్టుకున్నందుకు ఒక మనిషిని నలుగురి ముందు నిలబెట్టి మందలించి, ఆపైన రిపోర్ట్ కూడా రాశాను. ఇందులో విశేషం ఏమిటంటే, ఇదంతా జరిగింది పిన్నీసులు పెట్టిన గాజు బీరువా ముందు. ఆ పిన్నీసులు పదహారు వందల ఏళ్ళ కిందటివి కాబట్టి వాటికి విడిగా లైట్లు, తాళం, అలారం ఉన్నాయి. వాటిని ఎవరూ ఎత్తుకుపోకుండా చూడడమే నా ఉద్యోగం. అంటే పిన్నీసులకు కాపలా కాసి జీతం తీసుకునే నేను, పిన్నీసు పెట్టుకున్న మనిషి యూనిఫాం పరువు తీసిందని తీర్మానించాను. మామూలు తెలివితో ఇంత చక్కటి తప్పు చేయడం కష్టం. దానికి కొన్నేళ్ళ అనుభవం కావాలి.

నాకు ఆ అనుభవం ఉంది. టొరంటోలో ఒక మ్యూజియంలో నేను సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. మ్యూజియం మనిషిని కాదు, మ్యూజియంకు గార్డులను పంపే కాంట్రాక్ట్ కంపెనీ మనిషిని. ఈ తేడా చూడ్డానికి వచ్చేవాళ్ళకు తెలియదు, నేనూ చెప్పను. నా కింద పద్నాలుగు మంది గార్డులు ఉన్నారు. అందరికీ నల్ల జాకెట్టే. నాదీ అదే జాకెట్, కాకపోతే కాలర్ మీద వెండి రంగు బార్ ఒకటి ఉంటుంది. వెండి కాదు, వెండి రంగు. ప్రతి ఆదివారం సాయంత్రం దాన్ని పాత బ్రష్‌తో, టూత్‌పేస్ట్ పెట్టి తోముతాను. “మీ పళ్ళకన్నా దాన్నే ఎక్కువసేపు తోముతున్నారు” అంటుంది మా ఆవిడ. వచ్చే నెలలో ఏరియా సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అవుతోంది. ఆ పోస్టుకు బంగారు రంగు బార్. అది కూడా బంగారం కాదని నాకు తెలుసు. అయినా దాన్ని దేనితో తోమాలో ఇంటర్నెట్‌లో ముందే చూసి పెట్టుకున్నాను.

చిన్నప్పటి నుంచీ నాకు భుజాల మీద, కాలర్ మీద ఏదో ఒకటి ఉండాలని ఆశ. కాలేజీలో ఎన్‌సీసీ చేశాను. చేతి మీద ఒక చార ఇచ్చారు. దాన్ని చూసుకోవడానికి అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడేవాణ్ణి. ఆర్మీ సెలక్షన్‌కి కాకినాడ వెళితే ఛాతీ కొలతలో అర అంగుళం తగ్గింది. ఊపిరి బిగబట్టి రెండోసారి కొలిపించుకున్నాను, ఇంకో పావు అంగుళం తగ్గింది. దేశం నన్ను కోల్పోయిందని చాలా ఏళ్ళు బాధపడ్డాను. దేశానికి ఆ సంగతి తెలియనే తెలియలేదు. చివరికి కెనడా వచ్చాక ఒక కంపెనీ నా ఛాతీ కొలవకుండానే బార్ ఇచ్చింది.

ఇక ఆ బీరువాలోని పిన్నీసుల సంగతి చెప్పాలి. మ్యూజియం వాళ్ళు వాటిని బ్రూచులు అంటారు. రోమన్ సిపాయిలవి. విల్లులా వంగిన నడుము, దాని ఒక చివర అడ్డకడ్డీ, ఆ కడ్డీకి చిన్న ఉల్లిపాయల్లాంటి మూడు బుడిపెలు, వెనకవైపు ముల్లు, ముల్లు కూర్చునే గాడి. మన ఆడవాళ్ళ పైట పిన్నీసుకి తాత ముత్తాతల వరస. ఆ రోజుల్లో సిపాయిలు దుప్పటంత బట్ట ఒంటికి చుట్టుకుని, అంచులు రెండూ కలిపి కుడి భుజం మీద ఈ పిన్ను గుచ్చేవాళ్ళు. కత్తి దూసే చెయ్యి ఆడాలి కదా. మొదట్లో బట్ట జారకుండా ఉంటే చాలనుకున్నారు. తర్వాత ఎవరి పిన్ను ఎంత పెద్దది, ఏ లోహంది అని చూసుకోవడం మొదలైంది. మామూలు సిపాయికి కంచు, పైవాళ్ళకు బంగారు పూత, ఇంకా పైవాళ్ళకు బంగారమే. ఆ తర్వాత్తర్వాత యుద్ధం మొహం ఎరగని ఆఫీసు ఉద్యోగులు కూడా అదే సిపాయి పిన్ను భుజానికి పెట్టుకుని తిరిగేవాళ్ళట. ఈ చివరి మాట బీరువా పక్క బోర్డు మీద రాసి ఉంది. అయిదేళ్ళుగా రోజుకు రెండుసార్లు దాని ముందు నుంచి నడుస్తున్నాను. అది ఎవరి గురించో ఈరోజు దాకా నాకు తోచలేదు.

నేను మందలించిన మనిషి గురించి చెబుతాను. ఆవిడకు నలభై అయిదు దాటి ఉంటాయి. గుంటూరు పక్క ఒక చిన్న టౌన్‌లో ఇరవై ఏళ్ళు ఆడవాళ్ళ బట్టలు కుట్టింది. ఇప్పుడు టొరంటో పక్కన వాన్ అనే ఊళ్ళో ఒక బేస్‌మెంట్‌లో భర్తతో ఉంటోంది. భర్త అక్కడే వేర్‌హౌస్‌లో చేసేవాడు. రెండు నెలల క్రితం పెట్టెలు ఎత్తుతుంటే నడుం పట్టేసింది, అప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. ఆవిడ మా దగ్గర గార్డుగా చేరి మూడు నెలలు కావస్తోంది. ఈ శుక్రవారంతో ప్రొబేషన్ అయిపోతుంది. పర్మనెంట్ అయితే ఫుల్‌టైమ్ షిఫ్టులు, ఇన్సూరెన్స్ వస్తాయి. భర్త నడుముకి ఫిజియోథెరపీ దొరుకుతుంది. ప్రొబేషన్‌లో ఫైల్‌లో ఒక్క రిపోర్ట్ పడితే చాలు, కంపెనీ చాలా మర్యాదగా థాంక్స్ చెప్పి పంపించేస్తుంది. ఈ సంగతి ఆవిడకు తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే చేరిన రోజున ఆవిడకు చెప్పిందే నేను.

మేమిద్దరం ఒకే తెలుగు చర్చికి వెళతాం. రిచ్‌మండ్ హిల్‌లో ఒక స్కూల్ జిమ్ అద్దెకు తీసుకుని ఆదివారం ఆరాధన జరుపుతారు. అక్కడ ఆవిడ నన్ను “బ్రదర్” అంటుంది. నేను “సిస్టర్” అంటాను. ఆరాధన అయ్యాక టీ పోసిచ్చేది ఆవిడే, నాకు చక్కెర తక్కువని ఆవిడకు గుర్తే. సోమవారం నుంచి నేను ‘సార్’ని. అలా పిలవమని నేను చెప్పలేదు. వద్దని కూడా చెప్పలేదు.

గార్డుల్లో తెలుగువాళ్ళు నలుగురు. సూపర్‌వైజర్ తెలుగువాడు కాబట్టి వాళ్ళకు సుఖమైన పోస్టులు వేస్తాడని మిగతావాళ్ళు అనుకుంటారేమోనని నాకు భయం. ఎవరూ అలా అనలేదు. అయినా అనకముందే జవాబు సిద్ధంగా ఉండాలని, చలిగాలి కొట్టే, సరుకు దించే లోడింగ్ డాక్‌లు, లంచ్ ఆలస్యమయ్యే డ్యూటీలు, లాంగ్ వీకెండ్ షిఫ్టులు వెతికి మరీ ఆ నలుగురికే వేస్తూ వచ్చాను. దీన్ని నేను నిష్పక్షపాతం అనుకునేవాణ్ణి. కిందటి నెల చర్చిలో అందరి ముందు నిలబడి ఇదే విషయం మీద సాక్ష్యం కూడా చెప్పాను. సొంతవాళ్ళని కూడా చూడకుండా న్యాయంగా ఉండే మనసు దేవుడు నాకిచ్చాడని. వెనక బెంచీలో ఆ నలుగురూ కూర్చుని ‘ఆమెన్’ అన్నారు. నిజంగా అన్నారు.

ఇప్పుడు జాకెట్ సంగతి. ఆవిడ చేరినప్పుడు స్టాక్‌లో చిన్న సైజు లేదు. ఆవిడలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత జాకెట్ ఇచ్చాను. దానికి తోడు రేడియో కుడి భుజానికి తగిలిస్తారు. ఆ బరువుకి కుడివైపు మోచేతి దాకా జారేది. రెండో రోజే అడిగింది.

“సార్, భుజం దగ్గర రెండు కుట్లు వేసుకోనా? పది నిమిషాల పని.”

“కంపెనీ ప్రాపర్టీ అమ్మా అది. సూది పెట్టకూడదు. చిన్న సైజు ఆర్డర్ చేస్తాను, రెండు వారాల్లో వస్తుంది.”

“కుట్టినట్టు కూడా తెలీదు సార్. మళ్ళీ విప్పేయొచ్చు.”

“రూల్ అమ్మా.”

ఇరవై ఏళ్ళు ఊరందరికీ కుట్టిన మనిషికి, చొక్కా గుండీ ఊడితే భార్య వైపు చూసే మనిషి చెప్పిన మాట అది. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. ఆ తర్వాత జాకెట్‌ను చేత్తో పైకి లాక్కుంటూనే డ్యూటీ చేసింది. “అలా లాక్కోవద్దు, అన్‌ప్రొఫెషనల్‌గా ఉంటుంది” అని ఆ మధ్య ఒకసారి చెప్పాను కూడా. చెప్పాలి కదా, సూపర్‌వైజర్‌ని.

ఈరోజు రోమన్ గదిలోకి ఒక స్కూల్ పిల్లల గుంపు వచ్చింది. వాళ్ళకు వివరించేది మ్యూజియంలో వాలంటీర్‌గా చేసే ఒక పెద్దావిడ, రిటైరైన టీచర్. నేను రౌండ్స్‌కి వెళ్ళేసరికి పిల్లలు బీరువాకు వీపు తిప్పి మా గార్డు చుట్టూ మూగి ఉన్నారు. ఒకటే నవ్వులు. ఆవిడ కుడి భుజం మీద, వదులు బట్ట మడతపెట్టి, ఇంత పొడుగు పిన్నీసు మెరుస్తోంది. ఒక పిల్ల వేలు పెట్టి మరీ దాన్ని చూపిస్తోంది.

నాకు కనిపించింది ఒక్కటే. మా యూనిఫాంను చూసి జనం నవ్వుతున్నారు.

రెండడుగులు పక్కకు పిలిచి ఉంటే బాగుండేది. పిలవలేదు. అక్కడే నిలబడి ఇంగ్లిష్‌లో అడిగాను, ఆ పిన్ను ఏమిటని.

“జాకెట్ జారిపోతోంది సార్. మీరు కొత్తది తెప్పిస్తానన్నారు గదా, అదింకా...” అని ఆవిడ తెలుగులో మొదలుపెట్టింది.

“ఫ్లోర్ మీద ఇంగ్లిష్ ప్లీజ్” అన్నాను. ఫ్లోర్ అంటే జనం తిరిగే గదులన్నీ.

ఇంగ్లిష్‌లో ఆవిడకు తడబడకుండా వచ్చేవి రెండు ముక్కలు. అవే అంది. “ఎస్ సార్. సారీ సార్.”

“మీరు వేసుకున్నది యూనిఫాం. ఇదేమీ వంటిల్లు కాదు.” ఈ మాట కూడా ఇంగ్లిష్‌లోనే, అందరికీ వినపడేటట్టే అన్నాను.

పిల్లల నవ్వులు ఆగిపోయాయి. వాలంటీర్ పెద్దావిడ కంగారుగా ముందుకొచ్చింది. తప్పు తనదేనంది. పిల్లలకు బీరువాలో ముల్లు ఎలా పట్టుకుంటుందో కనబడటం లేదని, మా గార్డు భుజం మీద దాని మునిమనవరాలు కనిపిస్తే, తానే చూపించమని అడిగిందట. గార్డు తన చేతి గాజుకు వేలాడే ఇంకో పిన్నీసు తీసి, ముల్లు ఎలా వంగుతుందో, ఎందుకు ఊడిరాదో పిల్లలకు చేసి చూపించిందట. “ఈ నెలలో ఈ గదిలో జరిగిన మంచి పాఠం ఇదే” అంది.

నేను చాలా హుందాగా, “అర్థమైంది మేడమ్, కానీ మాకు పాలసీ ఉంది” అన్నాను. బీరువాలో కంచు పిన్నీసుల మీద లైట్లు వెలుగుతున్నాయి. ఆవిడ భుజం మీది పిన్నీసు తీసేసింది. కుడివైపు జాకెట్ మోచేతి దాకా జారింది. నేను ఆఫీసుకు పోయి రిపోర్ట్ నింపాను. ఉద్యోగి పేరు, సమయం, స్థలం, ఉల్లంఘన. సబ్మిట్ నొక్కాక మనసు తేలికపడింది. తెలుగువాళ్ళని వెనకేసుకొస్తానని ఇక ఎవరంటారో అననీ అనుకున్నాను.

లంచ్‌లో మా ఆవిడకు ఫోన్ చేసి ఈ ఘనకార్యం చెప్పాను. మా ఆవిడ రిచ్‌మండ్ హిల్‌లో ఒక వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. అంతా వింది. ఫోన్‌లో ఎవరో పెద్దాయన దగ్గు వినిపించింది.

“పిన్నీసు పెట్టుకుందని రాశారా?”

“పిన్నీసని కాదు. యూనిఫాం డిసిప్లిన్ అని...”

“గుడ్ ఫ్రైడే నాటకంలో మీ భుజానికి ఏం పెట్టుకున్నారు?”

నేను లంచ్ డబ్బా మూత పెట్టేశాను.

“ఆ పిన్నీసు ఇంకా మనింట్లోనే ఉంది. ఆ కర్టెన్‌కే ఉంది. ఆవిడకు తిరిగివ్వండని నేను రెండుసార్లు చెప్పాను” అని, “నాకు పని ఉందండీ” అని పెట్టేసింది.

ఆ నాటకంలో నాది రోమా శతాధిపతి వేషం. శతాధిపతి అంటే వంద మంది సిపాయిల మీద అధికారి. వేషం నేనే అడిగి తీసుకున్నాను. ఒకటే డైలాగు, కానీ అంగీ బాగుంటుంది. అంగీ అంటే మా ముందు గది ఎర్ర కర్టెన్. తెర తీయడానికి ముందు అది భుజాన నిలవకుండా జారిపోతుంటే నేను చెమటలు కక్కుతున్నాను. ఆవిడ టీ కప్పులు పక్కన పెట్టి వచ్చింది. చేతి గాజుకున్న పిన్నీసుల్లో పెద్దది తీసి, కర్టెన్ అంచులు రెండూ కలిపి, కుడి భుజం మీద ఒక్క గుచ్చుతో బిగించింది.

“ఎడమవైపు పెడితే బాగుంటుందేమో సిస్టర్, జనానికి కనపడుతుంది” అన్నాను.

“సిపాయి గదా బ్రదర్. కుడి చెయ్యి ఆడొద్దూ?” అంది.

ఆవిడ అప్పటికి మ్యూజియం గుమ్మం తొక్కలేదు. బీరువాలో పిన్నీసులూ చూడలేదు. బట్ట తెలిసిన మనిషికి బోర్డు చదవనక్కర్లేదు. నేను మాత్రం ఆవిడ పిన్నీసుతో అధికారినై, ఛాతీ విరుచుకుని, ఆర్మీవాళ్ళు చూడాల్సిన ఛాతీ అది, నా ఒక్క డైలాగూ గట్టిగా చెప్పాను.

ఒంటిగంటన్నరకు స్టేప్లర్ కోసం టేబుల్ సొరుగు లాగాను. బిస్కెట్ ప్యాకెట్ కింద ఒక కాగితం. యూనిఫాం ఆర్డర్ ఫారం. సైజు స్మాల్. పక్కన ‘అర్జెంట్’ అని నా చేతిరాత, కింద రెండు గీతలు. ఇంకా కింద ‘కుట్లు వేయవద్దని ఉద్యోగికి చెప్పడమైనది’ అని నా చేతిరాతే, నా సంతకమే. పంపలేదు. నింపాను, గీతలు గీశాను, సొరుగులో పెట్టాను, దాని మీద బిస్కెట్లు పెట్టాను. పంపాననే అనుకుంటున్నాను దాదాపు మూడు నెలలుగా. ఇంతకీ యూనిఫాంలు ఇచ్చే స్టోర్ వాన్‌లో ఉంది, నేను ఇంటికి వెళ్ళే దారిలో. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దాని బోర్డు రోజూ కనిపిస్తుంది.

ఆవిడ ఉదయం తెలుగులో చెప్పబోయింది ఇదే. నేను ఇంగ్లిష్‌లో చెప్పమన్నది దీన్నే.

టేబుల్ పక్కన కాగితాలు చింపే మెషీన్ ఉంది. నిజం చెబుతున్నాను, కాగితం పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. మెషీన్ ఆన్ చేశాను కూడా. ఆ కాగితం పోతే పిన్నీసు తప్పు ఆవిడది, రిపోర్ట్ సరైనది, శుక్రవారం ఆవిడను పంపించేయడం నాకు చాలా బాధాకరం. చర్చిలో ఆవిడ కోసం ప్రార్థన కూడా చేయొచ్చు. ఇదంతా నా బుర్రలో వరసగా, శుభ్రంగా వచ్చింది. మనిషి ఇంత నీచంగా, ఇంత చక్కని వరసలో ఆలోచించగలడని నాకే ఆశ్చర్యం వేసింది. అంతలో ఫోన్‌కు మా ఆవిడ ఒక ఫొటో పంపింది. ఎర్ర కర్టెన్‌లో నేను. భుజం మీద పిన్నీసు. కింద ఒక్క మాట కూడా రాయలేదు.

మెషీన్ ఆపేసి మా మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆయన నాకంటే పదేళ్ళు చిన్న, ఎప్పుడూ కార్లోనే ఉంటాడు. ఉదయం నేను పంపిన రిపోర్ట్ తప్పని, తీసేయమని అడిగాను.

“సిస్టమ్‌లోకి వెళ్ళిపోయింది. ఊరికే తీయలేను. ఘటన జరిగిందా, లేదా?”

“జరిగింది. కానీ తప్పు ఆవిడది కాదు. సైజు సరిపోని జాకెట్ ఇచ్చింది నేను. కుట్టుకుంటానంటే వద్దన్నది నేను. కొత్తది ఆర్డర్ చేస్తానని చేయనిది నేను. ఫారం నా సొరుగులో ఉంది. ఫొటో తీసి పంపుతున్నాను.”

ఆయన కారు టర్న్ సిగ్నల్ చప్పుడు వినిపించింది.

“అయితే రిపోర్ట్‌లో ఉద్యోగి పేరు మార్చాలి. ఎవరి పేరు?”

“నాది.”

“వచ్చే నెల ఇంటర్వ్యూలు. ప్యానెల్ ఫైల్ చూస్తుంది. తెలుసుగా?”

తెలుసన్నాను. ఈ మాట అనడానికి నాకు పట్టిన సమయం గురించి ఇక్కడ రాయను. ఎక్కువే పట్టింది. బంగారు రంగు బార్ ఒకసారి కళ్ళ ముందు మెరిసి పోయింది. ఆ తర్వాత అదే ఫారం మళ్ళీ నింపాను. ఉద్యోగి పేరు దగ్గర నా పేరు. ఉల్లంఘన అన్న చోట ఇచ్చిన గడి చాల్లేదు, వేరే కాగితం జత చేశాను.

మూడున్నరకు షిఫ్టు దిగేముందు కింద బేస్‌మెంట్ గదిలో అందరం కలుస్తాం. మందలించింది నలుగురిలో కాబట్టి ఒప్పుకోవడం కూడా అక్కడే అనుకున్నాను. అందరికీ తెలియాలి కనుక ముందు ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆ తర్వాత ఆవిడ వైపు తిరిగి తెలుగులో మళ్ళీ మొత్తం చెప్పాను. ఫ్లోర్ మీద కాదు కదా, బేస్‌మెంట్‌లో తెలుగుకు పర్మిషన్ ఉంది. జమైకా నుంచి వచ్చిన ఒక పెద్ద వయసు గార్డు, “అయితే బాస్, పిన్నులు పెట్టుకోవచ్చా, మా పాంటుకు కూడా కావాలి” అన్నాడు. అందరూ నవ్వారు. కరీంనగర్ నుంచి వచ్చిన మా ఇంకో గార్డు, నా వయసువాడే, తల గోక్కుంటూ, “గీ ముచ్చట పొద్దుగాల్నే ఆమెను అడిగితె అయిపోవుగద సార్” అన్నాడు. అయిపోయేది.

ఆవిడ నవ్వలేదు. “రిపోర్ట్ తీసేశారా సార్?” అని అడిగింది.

“తీసేశారమ్మా. నా పేరు మీదికి మార్చారు. ఇదుగో మేనేజర్ మెయిల్. శుక్రవారానికి దానితో సంబంధం లేదు.”

మెయిల్ రెండుసార్లు చదివింది. పదం పదం మీద వేలు పెట్టి చదివింది.

“జాకెట్ కుట్టుకోవచ్చని కూడా రాసివ్వండి. నోటి మాటొద్దు.”

నోటి మాట వద్దనేది నన్నే కాబట్టి వెంటనే రాశాను. “నల్ల దారమని కూడా రాయండి, రేపు దారం రంగు మీద మళ్ళీ ఏదన్నా వస్తుంది” అంది. రాశాను. సంతకం పెట్టాను. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగింది.

“ఆదివారం దీన్ని సాక్ష్యంగా మాత్రం చెప్పకండి సార్.”

అప్పటికే మనసులో మొదటి రెండు వాక్యాలు తయారై ఉన్నాయి. “చెప్పనమ్మా” అన్నాను. ఇంటి దాకా కార్లో దింపుతానంటే, “బస్సుంది సార్” అని వెళ్ళిపోయింది. మూడు నెలల్లో నేను ఆ మాట అడగడం అదే మొదలు.

మంచు సన్నగా పడుతోంది. నేను సరాసరి వాన్‌లోని యూనిఫాం స్టోర్‌కి వెళ్ళాను. కౌంటర్ అబ్బాయి సైజు అడిగాడు, లోపలికెళ్ళి తెచ్చిచ్చాడు. ఎంతసేపు పట్టిందని గడియారం చూడలేదు. చూస్తే ఇంకా సిగ్గేసేది. అక్కడి నుంచి వాళ్ళ ఇల్లు దగ్గరే. ఇంటి పక్క సందులో నుంచి వెనక్కి వెళ్ళి బేస్‌మెంట్ తలుపు కొట్టాను. ఆవిడ భర్త తీశాడు. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి గోడకు.

“అయ్యో బ్రదర్, మీరా! రండి రండి. ఇప్పుడే వచ్చింది, మొహం కడుక్కుంటోంది.” నేను బూట్లు విప్పేలోపే అందుకున్నాడు. “మీరుండబట్టి గానీ బ్రదర్, మాకీ దేశంలో ఎవరున్నారు? మా బ్రదర్ ఉన్నాడు, నీకేం భయం లేదని రోజూ దీనికి చెబుతుంటాను.”

ఆవిడ ఆయనకు ఏమీ చెప్పలేదు. ఉదయం సంగతీ, రిపోర్ట్ సంగతీ ఏమీ చెప్పలేదు. ‘పరవాలేదండీ’ అని జాకెట్ చేతిలో పెట్టి, ఆ దీవెనలన్నీ పుచ్చుకుని మెట్లెక్కి పోవచ్చు. దారి నున్నగా, తెరిచి ఉంది. ఈరోజు అలాంటి దారి కనపడడం రెండోసారి.

గుమ్మంలో నిలబడే చెప్పాను. పిల్లల ముందు అన్న మాటతో సహా చెప్పాను. వంటిల్లు అన్న మాట దగ్గర ఆయన గోడ మీది చెయ్యి తీసేశాడు. అంతా అయ్యాక నా చేతిలోని జాకెట్ వైపు చూశాడు. లోపలికి రండని మళ్ళీ అనలేదు, పొమ్మనీ అనలేదు.

“సైజు చూసుకున్నాక వెళ్ళండి” అన్నాడు.

ఆవిడ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. నన్నూ, భర్త మొహాన్నీ చూసి, అక్కడ ఏం జరిగిందో గ్రహించింది. జాకెట్ తొడుక్కుని కుడి భుజం మీద కుట్టు ఎక్కడ పడిందో వేలితో తడిమి చూసుకుంది. చేతులు ముందుకు చాపింది. చేతి అంచులు బొటనవేళ్ళ దాకా వచ్చాయి.

“భుజాలు సరిపోయాయి. చేతులు పొడుగు” అంది. తర్వాత బ్యాగులో నుంచి మధ్యాహ్నం కాగితం తీసింది. “ఇది పాత జాకెట్‌కే గదా సార్. దీనికీ పనికొస్తుందా?”

కాగితాన్ని గోడకు ఆనించి పట్టుకుని, నా సంతకం కింద ‘కొత్త జాకెట్‌కు కూడా’ అని రాసి, మళ్ళీ సంతకం పెట్టాను.